‘ఇంకా ఉంది’ అన్న రోజులు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

  

నిర్వాహకులు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ‘ఇంజనీరువి కదప్పా, నీళ్ళ గురించి చెప్పు, మన కె.సి. కాలువ గురించి చెప్పు’ అన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ కాలువ గట్ల మీదే తిరుగుతున్నాను, ఈ ఒక్కపూట వదిలేయండని బతిమాలుకున్నాను. నేను మాట్లాడబోయేది మన చిన్నప్పుడు నెలనెలా వచ్చిన పిల్లల పత్రికల్లోని సీరియళ్ళ గురించి. ఒకటి రెండు కాదు, ఒకే కాలంలో ఆరేడు కథలు నడిచేవి. ఒక్కో కథ రెండేళ్ళు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం సాగేది. నెలకు మనకు దక్కేది ఏడెనిమిది పేజీలు. పదీ పదకొండేళ్ళ పిల్లలం వాటన్నిటినీ ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఎట్లా మోశాం? ఈ మధ్య దీని గురించి ఆలోచించాల్సిన పని ఒకటి పడింది. అదేమిటో చివర్లో చెబుతాను. దానితో మన సంఘానికి కూడా కొంచెం పని ఉంది.

ఇప్పటి పిల్లలకోసం రెండు మాటలు చెప్పాలి. చందమామ 1947 జులైలో మద్రాసులో మొదలయింది. దాన్ని పెట్టిన ఇద్దరిలో ఒకరు తెనాలి వైపు వారైన చక్రపాణి, రెండో ఆయన బి. నాగిరెడ్డి, మన కడప జిల్లా మనిషి. ఈ సంగతి తెలిశాక మా కడప మేనమామ చందమామను దాదాపు సొంత ఆస్తిలాగా చూసేవాడు. ‘మా నాగిరెడ్డి పత్రిక’ అనేవాడు, నాగిరెడ్డి గారితో రోజూ భోంచేసినట్టు. 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావు గారు దాన్ని నడిపారు. ఎవరు ఏ కథ పంపినా ఆయన చేతిలో పడి తిరగరాతకు గురయి, నున్నగా, తేటగా బయటికొచ్చేదని తర్వాత చాలామంది రాశారు. ఎమ్మిగనూరు పిల్లవాడికీ ఏలూరు పిల్లవాడికీ ఒకేలా అర్థమయ్యే తెలుగు అది. మన ఇళ్ళల్లో మాట్లాడే తెలుగు వేరు. అయినా ఆ పుస్తకంలో ఒక్క మాట దగ్గర కూడా ఆగిన గుర్తు నాకు లేదు.

నేను ఆరో తరగతిలో చేరింది 1971లో. ఆ ఏడాది, రెండేళ్ళ పరిస్థితి చెబుతాను. చందమామలో ఒక పెద్ద జానపద సీరియలు, దానితోపాటు పురాణం ఒకటి, ఆపైన బేతాళ కథ. బేతాళ కథ ఏ నెలకానెల ముగిసిపోతుంది గనక దాన్ని సీరియల్లో లెక్కెయ్యకూడదని ఒక వాదం ఉండేది. శవం మళ్ళీ చెట్టెక్కుతుంది గనక అది ఎప్పటికీ ముగియని సీరియలని ఇంకో వాదం. రెండో వాదం నాది, ఇప్పటికీ నాదే. 1970ల మొదట్లో విజయ బాపినీడు గారి బొమ్మరిల్లు వచ్చింది, అందులో ‘మృత్యులోయ’ మొదలయింది. బాలమిత్ర అంతకుముందు నుంచే ఉంది. ఇంట్లో అమ్మ చదివే వారపత్రికల్లో, జ్యోతి, యువ లాంటి మాసపత్రికల్లో నవలలు. అవి మనవి కావు, కానీ పక్కింటి పిన్ని వచ్చి ‘ఆమె చివరికి వాణ్ణి చేసుకుంటుందంటావా అక్కా?’ అంటే చెవులు మనవే కదా. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి అద్దె పుస్తకాల అంగట్లో కొమ్మూరి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు, ఆ వెనకే మధుబాబు షాడో. ఇన్ని కథల్లో ఎవరు ఏ కొండ మీద ఎవరి చేతికి చిక్కారో, ఏ గుహలోకి ఎవరు దూరారో, ఎవరి దగ్గర ఏ ఆయుధం ఉందో, ముప్పై రోజుల తర్వాత కూడా తేడా రాకుండా చెప్పేవాళ్ళం. ఆ నెలలోనే క్వార్టర్లీ పరీక్షలొచ్చేవి. అక్బరు కొడుకు ఎవరో తప్పు రాసేవాళ్ళం, జీవదత్తుడి చేతిలో దండం ఎవరిచ్చారో మాత్రం తప్పేవాళ్ళం కాదు.

కర్నూలు పిల్లలకు ఇంకో కష్టం ఉండేది. మద్రాసు నుంచి బొంబాయి మెయిలు మీద బయల్దేరిన కట్టలు తిన్నగా కడపలో దిగేవి. మన కట్ట గుంతకల్లు దాకా పోయి, అక్కడ మీటర్ గేజి బండి ఎక్కి, ద్రోణాచలం మీదుగా రావాలి. పాత బస్టాండు దగ్గర ఏజెంటు చెప్పే లెక్క ఇది. ఎంత లేదన్నా కడపకీ మనకీ రెండు రోజులు తేడా, వానలు పడితే నాలుగు రోజులు. కడపలో నా మేనమామ కొడుకు ఉన్నాడు, నాకంటే ఒక ఏడాది పెద్ద. వాడు కొత్త చందమామ చదివిన రోజే కార్డు ముక్క రాసేవాడు. ‘మేమంతా క్షేమం. అవ్వకు మోకాలి నొప్పి తగ్గింది. ఖడ్గవర్మ ఏమైనాడో తెలుసా?’ అని మొదలుపెట్టి, కార్డంతా నింపి, అడ్రసు పక్కనున్న ఖాళీలో కూడా రాసి వదిలేవాడు. పోస్టుమాన్ ఆ కార్డును నాకంటే ముందు చదివేవాడని మా జేజి అనుమానం. పుస్తకం కంటే కార్డు ముందొస్తే అది బావ మీద తీర్చుకోవాల్సిన పగ. వేసవిలో తీర్చుకునేవాణ్ణి, ఎట్లాగో ఈ సభలో చెప్పను, వాడు మూడో వరుసలో ఉన్నాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మనం గుర్తు పెట్టుకున్నామంటే అందులో సగం పని పత్రికే చేసిపెట్టింది. ప్రతి నెలా సీరియలు మొదట్లో చదరపు బ్రాకెట్లలో నాలుగైదు వాక్యాలు ఉండేవి. కిందటి నెల చివర ఎవరు ఎక్కడున్నారో, ఏ ప్రమాదంలో ఉన్నారో, అంతే. కథ మొత్తం చెప్పరు. మొదటి నెల నుంచి జరిగిందంతా చెప్పాలంటే రెండేళ్ళకు ఆ బ్రాకెట్టే ఎనిమిది పేజీలవుతుంది. మా వృత్తిలో లెవెలింగ్ చేసేటప్పుడు పరికరాన్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చుతూ పోవాలి. మార్చేముందు స్టాఫ్‌ను ఒక గట్టి రాయి మీద నిలబెట్టి రీడింగు తీసుకుంటాం. పరికరం కదులుతుంది, స్టాఫ్ కదలకూడదు. కొత్తచోటి నుంచి అదే రాయి మీది స్టాఫ్‌ను మళ్ళీ చూస్తాం. చేంజ్ పాయింట్ అంటారు దాన్ని. రెండు చోట్ల నుంచీ కనిపించే ఆ ఒక్క రాయి ఉంటే చాలు, సుంకేసుల నుంచి కడప దాకా ఎత్తు లెక్క తెగకుండా తీసుకుపోవచ్చు. ఆ బ్రాకెట్టు అట్లాంటి రాయి. మొదటిసారి ఫీల్డులో ఈ పని నేర్పినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు.

రెండోది బొమ్మ. సీరియలుకు బొమ్మలేసింది ‘చిత్ర’ గారు, అసలు పేరు రాఘవన్. బేతాళ కథలకు ‘శంకర్’ గారు. అట్ట మీద వడ్డాది పాపయ్య గారు. చిత్ర గారి బొమ్మల్లో ఒక గుణం ఉంది. మనిషిని ఒకసారి ఏ తలపాగాతో, ఏ మీసంతో, ఏ నగతో వేశారో రెండేళ్ళ తర్వాత కూడా అదే తలపాగా, అదే మీసం. కథలో ఆర్నెల్లు కనబడకుండా పోయిన మాంత్రికుడు మళ్ళీ వచ్చినా, పేరు చదవకముందే ‘ఓర్నీ, వీడా!’ అనుకునేవాళ్ళం. నా దృష్టిలో ఆయన బొమ్మ అలంకారం కాదు, రికార్డు. పేజీ తిప్పగానే కిందటి నెల బొమ్మ కళ్ళ ముందుకొచ్చి, దాని వెంట కథ నడిచొచ్చేది.

మూడోది పేర్లు, జంటలు. ‘రాకాసిలోయ’లో కేశవుడూ జయమల్లూ. ‘పాతాళదుర్గం’లో ధూమకుడూ సోమకుడూ. ‘శిథిలాలయం’లో శిఖిముఖీ విక్రమకేసరీ. ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మా జీవదత్తుడూ. ‘మాయాసరోవరం’లో జయశీలుడూ సిద్ధసాధకుడూ. ఒక్కొక్కరిగా అయితే కలిసిపోతారు, జంటగా కలిసిపోరు. ఒకడు గుర్తుకొస్తే రెండోవాడు తప్పక వస్తాడు, మన క్లాసులో కూడా కొన్ని పేర్లు ఇప్పటికీ జంటగానే గుర్తున్నట్టు. ఇద్దరిలో ఒకడు కత్తి పట్టేవాడైతే ఇంకొకడు ఉపాయం పన్నేవాడు. ఇదంతా తెలిసి చేసిన పనే.

ఈ ఇబ్బంది మన ఒక్కళ్ళదే కాదు. ఇంగ్లండులో డికెన్సు తన నవలల్ని నెలకో భాగంగా అచ్చేసేవాడు. తాను రాసేది తానే మర్చిపోకుండా ఒక్కో నెల భాగానికి ఒక్కో కాగితం పెట్టుకుని, ఎవరిని తేవాలి, ఎవరిని ఆపాలి అని రాసుకునేవాడు. ఆ కాగితాలు ఇంకా ఉన్నాయి. అమెరికాలో స్పైడర్‌మాన్ లాంటి వీరుల బొమ్మల పుస్తకాలు నెలనెలా పదుల సంఖ్యలో వస్తాయి, ఒక పుస్తకంలో వీరుడు ఇంకో పుస్తకంలోకి నడిచి వెళ్తాడు. అందుకని బొమ్మ అడుగున ఫలానా సంచిక చూడండి అని ఎడిటరు చిన్న అక్షరాల్లో రాసేవాడు. మా అబ్బాయి అవి చదివేవాడు, ఏది ముందో ఏది వెనకో చెప్పడానికి వాడికి కంప్యూటర్లో పట్టిక కావాలి. మనకు పట్టిక లేదు, పాత సంచిక కొనే డబ్బుల్లేవు, చాలామందికి కొత్త సంచిక కొనే డబ్బులే లేవు. మా సెక్షనులో చందమామ తెప్పించుకునే ఇళ్ళు మూడు. బొమ్మరిల్లు ఒకటి. బాలమిత్ర ఒక ఏడాది ఉండేది, ఒక ఏడాది ఉండేది కాదు, వాన మీద ఆధారపడి.

కాబట్టి మిగిలిన సగం పని క్లాసు చేసింది. మా తెలుగు ఐవారిని ఇక్కడ తలుచుకోవాలి. ఆయన నెలలో చివరి శుక్రవారం ఆఖరి పీరియడు కథలకు వదిలేవారు. నియమాలు ఆయనవే. కొత్త సంచిక చదివినవాడు నోరు మెదపకూడదు. ఒకడు లేచి ఒక సీరియలు ఇప్పటిదాకా ఏమయిందో అయిదు వాక్యాల్లో చెప్పాలి. ఆరో వాక్యం చెబితే కూర్చోబెట్టేవారు. తప్పుంటే ఎవరైనా లేవొచ్చు. తగవు తేలకపోతే పుస్తకం ఉన్నవాడు మర్నాడు తేవాలి. ‘పిల్లలచేత ఈ చందమామ చదివించడమేంది?’ అని ఒక తండ్రి వచ్చి అడిగితే, ‘అయిదు వాక్యాల్లో చెప్పడం నేర్పిస్తా ఉండా నాయనా, అది వస్తే వానికి అన్నీ వస్తాయి’ అన్నారట. నేను రాసిన సైటు రిపోర్టులు పొట్టిగా ఉంటాయని మా డిపార్టుమెంటులో పేరు. దాని మూలం ఆ శుక్రవారాలే.

ఆ పీరియడులో మా అందరికంటే పెద్దవాడు ఒకడున్నాడు. వయసులో కాదు, పనిలో. వాళ్ళ నాన్న బండలు పరిచే పనికి పోయేవాడు. బేతంచెర్ల నాపరాళ్ళు తెలుసు కదా, ఆ పని. ఇంట్లో పుస్తకమన్నది లేదు, పాఠ్యపుస్తకాలు కూడా సగం ధరకు పై తరగతి వాళ్ళ దగ్గర కొన్నవే. వాడు ఏ పత్రికా కొనలేదు, చదివింది కూడా తక్కువే. వినేవాడు. మూడిళ్ళ చందమామ, ఒక ఇంటి బొమ్మరిల్లు, అద్దె అంగడి షాడో, అన్నీ ఎవరో ఒకరు చెబితే విన్నవే. కానీ తగవు వస్తే ఐవారు మొదట వాడి వైపు చూసేవారు. వాడు చెప్పింది పుస్తకంతో సరిపోయేది. ఐవారు వాడికి ‘అవధాని’ అని పేరు పెట్టారు. ఇప్పుడు కూడా వాడి అసలు పేరు చెప్పను, చెప్పొద్దన్నాడు.

ఐవారు ఊరికే పెట్టిన పేరు కాదది. ఆయన ప్రొద్దుటూరు ప్రాంతం వారు. గడియారం వేంకటశేషశాస్త్రి గారు, దుర్భాక రాజశేఖర శతావధాని గారు తిరిగిన ఊరు, తర్వాత సి.వి. సుబ్బన్న శతావధాని గారి ఊరు. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. అవధాని ఒకరికి పద్యం మొత్తం చెప్పి రెండో వారి దగ్గరికి పోడు. సమస్య ఇచ్చిన వారికి ఒక పాదం చెబుతాడు, దాన్ని అక్కడ ఆపి దత్తపది వారికి ఒక పాదం, ఆపి వర్ణన వారికి ఒక పాదం. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన ‘మీ ఊళ్ళో వంకాయలు ఎట్లున్నాయి స్వామీ?’ అని చెడగొడుతుంటాడు, పక్కన గంట కొట్టేవారు గంట కొడుతుంటారు. నాలుగు ఆవృత్తాలు తిరిగేసరికి పద్యాలు పూర్తవుతాయి, చివర్లో ధారణ, అన్నీ వరసగా ఒప్పచెప్పాలి. ఐవారు మాకు ఇది వివరించి, ‘మీ సీరియళ్ళు కూడా ఇంతే కదరా. చందమామ వాడు ఒక పాదం చెప్పి ఆపినాడు, బొమ్మరిల్లు వాడు ఒక పాదం చెప్పి ఆపినాడు. పరీక్షలు, పండగలు అప్రస్తుత ప్రసంగం’ అన్నారు. అంతకంటే బాగా దీన్ని చెప్పినవాళ్ళను నేను ఎరగను.

నువ్వెట్లా గుర్తు పెట్టుకుంటావురా అని అవధానిని ఒకరోజు వేపచెట్టు కింద అడిగాను. వాడు చెప్పింది నాకు అప్పుడు సరిగా అర్థం కాలేదు. ‘మీరు ఏం జరిగిందో గుర్తు పెట్టుకుంటారు. నాకు అది అక్కర్లే. ఏం తేలలేదో అది పట్టుకుంటా’ అన్నాడు. అంటే వాడి తలలో ఒక్కో కథకు తేలని సంగతుల చిట్టా ఉండేది. ఫలానా ముసలివాడు చెప్పిన రహస్యం సగంలో ఆగిపోయింది. ఫలానా రాజు మాట ఇచ్చాడు, ఇంకా తీర్చలేదు. కట్టేసిన గుర్రం అక్కడే ఉంది. తేలిపోయినదాన్ని వదిలేసేవాడు. అందుకే వాడికి బరువు తెలిసేది కాదు. మేమేమో రాలిపోయిన రాక్షసులందరినీ మోసేవాళ్ళం. కొత్త సంచిక వచ్చాక వాడు మమ్మల్ని ‘ఏం జరిగింది?’ అని అడిగేవాడు కాదు, ‘గుర్రం ఏమైంది?’ అని అడిగేవాడు. మేం గుర్రాన్నే మరిచిపోయి ఉండేవాళ్ళం. చాలాసార్లు, ఇంకో రెండు నెలలకు, ఆ గుర్రం వచ్చేది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో పెద్దపెద్ద ప్రాజెక్టుల మీటింగులు చూశాను. అయిన పనుల మీద బొమ్మలతో గంటసేపు చెప్పేవాళ్ళున్నారు. గుర్రం ఏమైందని అడిగేవాళ్ళు తక్కువ.

1972, 73 కరువు ఇక్కడున్న పెద్దలకు నేను చెప్పక్కర్లేదు. 1973 వేసవి సెలవుల తర్వాత అవధాని ఎనిమిదో తరగతికి వచ్చాడు, నెలన్నర కూర్చున్నాడు, ఆ తర్వాత రాలేదు. కుటుంబమంతా వలస పోయింది. ‘యక్షపర్వతం’ అప్పటికి ఇంకా నడుస్తోంది. శుక్రవారాలు ఆ తర్వాత కూడా జరిగాయి, కానీ తగవులు తేలేవి కావు, పుస్తకం తెచ్చి చూడాల్సిందే. అప్పుడే నేను ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. సీరియలు పేరు, నెల, ఎవరు ఎక్కడ, చేతిలో ఏముంది, చివరి గడిలో ‘తేలనివి’. ఆ చివరి గడి వాడిది. పదో తరగతి దాకా నడిపాను. అది ఇప్పుడు లేదు, మూడిళ్ళు మారేసరికి చెదలు తినేశాయి. నాన్న కుట్టించిన బైండ్లు మాత్రం మిగిలాయి. ఆయన ఏ నెలకానెల సీరియలు పేజీలు జాగ్రత్తగా విప్పి, కథ ముగిశాక పురికొసతో కుట్టి, మైదా జిగురుతో గుడ్డ అట్ట వేయించేవారు. ఆ జిగురులో ఆయన కలిపిన మైలుతుత్తం వల్లే చెదలు దూరంగా ఉన్నాయని నా నమ్మకం.

ఆ సీరియళ్ళు రాసిందెవరో మాత్రం మాకు తెలియదు. పత్రికలో సీరియలుకు రచయిత పేరు ఉండేది కాదు. అన్నీ ఒక్కరివేనని నేను తెలుసుకునేసరికి నాకు నలభై దాటాయి. దాసరి సుబ్రహ్మణ్యం గారు. 1932లో పుట్టారు, 1952లో చందమామలో చేరారు, 2006 దాకా అక్కడే పనిచేశారు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి, ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’ నుంచి ‘భల్లూక మాంత్రికుడు’ దాకా డజను సీరియళ్ళు. మధ్యలో కొన్నాళ్ళు వీటిని ఆపి బంకించంద్రుడి ‘దుర్గేశనందిని’, ఆ వెనక ‘నవాబునందిని’ వేశారు, పాఠకులు ఊరుకోలేదంటారు. 1966లో ‘పాతాళదుర్గం’తో మళ్ళీ దాసరి గారే వచ్చారు. ఇంకా విచిత్రం ఏమంటే, బొమ్మరిల్లులో ‘మృత్యులోయ’ కూడా ఆయనదే. ‘ఇది అచ్చం చందమామ మాదిరే ఉందిరా, కాపీ కొట్టినారు’ అని మా క్లాసులో చందమామ ఇళ్ళవాళ్ళు బొమ్మరిల్లు ఇంటివాణ్ణి ఏడిపించేవాళ్ళు. అవధాని మాత్రం, ‘కాపీ కాదు, ఇద్దరూ ఒకడే’ అన్నాడు ఒకసారి. ఎట్లా చెప్పగలవంటే, ‘ఆపే తావు ఒకటే’ అన్నాడు. దాసరి గారు 2010 జనవరిలో పోయారు. పేపర్లో ఆ వార్త చదివి, ఇన్నేళ్ళు ఆయనకొక ఉత్తరం ముక్క రాసే వీలు కూడా లేకపోయిందే అనిపించింది. పేరు తెలిస్తే కదా రాయడానికి.

చందమామ 1998లో ఆగింది, 1999 డిసెంబరులో మళ్ళీ మొదలయింది, 2007లో చేతులు మారింది, తర్వాత కొన్నేళ్ళకు అచ్చు పూర్తిగా ఆగిపోయింది. ఆ చివరి రోజుల గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు. పాత సంచికలు ఈ రోజు చదవడానికి దొరుకుతున్నాయంటే కారణం మన నాన్నల్లాంటి వాళ్ళ బైండ్లే, వాటిని ఓపిగ్గా స్కాను చేసి పంచుకున్న అభిమానులే.

ఇక నేను మొదట్లో చెబుతానన్న పని. నిరుడు బనగానపల్లె అవతల ఒక పిల్లకాలువకు లైనింగు జరుగుతుంటే నాపరాళ్ళ లారీలు వచ్చాయి. బిల్లు మీద నా సంతకం చూసి మేస్త్రీ ఫోను చేశాడు. ‘సార్, మీరు కర్నూలు స్కూల్లో చదివినారా?’ అన్నాడు. అవునన్నాను. కొంచెంసేపు మాట లేదు. తర్వాత, ‘నేను రా, అవధానిని’ అన్నాడు. నలభై ఏళ్ళు దాటిపోయాయి. పెళ్ళాం పిల్లలు, మనవలు, మోకాళ్ళ నొప్పులు, అన్నీ మాట్లాడుకునే లోపలే వాడు అడిగింది: ‘యక్షపర్వతం కడకు ఏమైంది రా?’

బైండు పంపిస్తానన్నాను, చదువుకోమన్నాను. ‘కండ్లు కనపడవు, దుమ్ము పని కదా. నువ్వే చెప్పు’ అన్నాడు. నాలుగు ఆదివారాలు పట్టింది. సాయంత్రం ఆరింటికి ఫోను చేసేవాడు, నేను బైండు ఒళ్ళో పెట్టుకుని చెప్పేవాణ్ణి. ఐవారు ఉంటే అయిదు వాక్యాలకు ఆపేవారు, మమ్మల్ని ఆపేవాళ్ళు లేరు. మొదలుపెట్టే ముందు వాడు మూడు సంగతులు అడిగాడు. వాడు బడి వదిలేనాటికి కథలో తేలకుండా ఉన్నవి మూడు. అందులో ఒకటి నాకు బొత్తిగా గుర్తు లేదు, వెనక్కి తిప్పి చూస్తే 1973 సంచికలో ఉంది. మూడూ తేలాయని చెప్పాక, ‘సరే, ఇంక పెట్టేయ్’ అన్నాడు. అయిదో ఆదివారం మళ్ళీ ఫోను. ‘మృత్యులోయ ఉందా నీ దగ్గర?’ అని. లేదు. మీలో ఎవరి ఇంట్లోనైనా ఆ బొమ్మరిల్లు సంచికలు ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి, ఒక నెల అప్పు ఇస్తే చాలు.

ఈ స్వర్ణోత్సవానికి రమ్మని వాణ్ణి పిలిచాను. ‘నేను పదో తరగతి చదవలేదు కదా, నన్నెట్లా రానిస్తారు?’ అన్నాడు. రానిస్తారని చెప్పాను, కానీ వాడి మాటలో నిజముంది. మన సంఘం డైరెక్టరీ తయారు చేసింది పదో తరగతి రిజిస్టర్ల నుంచి. ఈ పూట పంచిన జాబితాలో మా బ్యాచ్ పేజీ చూశాను. ఆరో తరగతిలో నాతోపాటు కూర్చున్నవాళ్ళలో పదిహేనుమంది దాకా అందులో లేరు. కరువుకు పోయినవాళ్ళు, పెళ్ళి చేసి పంపిన ఆడపిల్లలు, అన్నతోపాటు అంగట్లో కూర్చున్నవాళ్ళు. అన్ని బ్యాచ్‌లలోనూ ఇంతే ఉంటుంది. కార్యదర్శి గారితో మాట్లాడాను, ఆయన ఒప్పుకున్నారు. అడ్మిషన్ రిజిస్టర్లు ఆఫీసు గదిలో ఇనుప బీరువాలో పైనుంచి రెండో అరలో ఉన్నాయని హెడ్మాస్టరు గారు చెప్పారు. వచ్చే ఆదివారం ఉదయం పదింటికి ముగ్గురం కూర్చుని మొదటి ఏడాది నుంచి పేర్లు ఎక్కిస్తాం. ఒక్కో బ్యాచ్ నుంచి ఒకరు వస్తే పని తొందరగా అవుతుంది, ఎవరు ఎటుపోయారో రిజిస్టరులో ఉండదు, మీకే తెలుస్తుంది. కళ్ళద్దాలు తెచ్చుకోండి, పాత సిరా బాగా వెలిసిపోయింది.